పక్క కుట్టు, నాలుగు వరసలు

ముందు పోయినవన్నీ లెక్క వేస్తాను. కుడి రొమ్ము ఒకటి. చంకలోంచి తీసిన బిళ్ళలు, అంటే గ్రంథులు, పద్నాలుగు. వాటిలో మూడింటికి జబ్బు పాకిందని కాగితంలో రాశారు. తల మీది జుట్టు మొత్తం, మొదటి మందు ఎక్కించిన పదిహేడో రోజు మొదలై ఇరవై మూడో రోజుకు పూర్తిగా. కనుబొమ్మలు రెండు. కాలి బొటనవేళ్ళ గోళ్ళు రెండు. ఒంటి బరువు తొమ్మిది కిలోలు, యాభై ఎనిమిది నుంచి నలభై తొమ్మిదికి. కుడి చేతి మూడు వేళ్ళ చివర స్పర్శ. అది తర్వాత రెండు వేళ్ళకు తిరిగి వచ్చింది, కాబట్టి పోయింది ఒక్కటే అని రాసుకోవాలి. నెలసరి ఆగిపోయింది, దానితో కందామనుకున్న రెండో బిడ్డ. నాలుగేళ్ళ పాపను ఎత్తుకునే రోజులు అన్నీ. కుట్టు మీద చేయి మళ్ళీ మామూలుగా ఆడే నాటికి పాప ఎత్తుకునే వయసు దాటిపోయింది.

ఇవన్నీ నావి. నావి పోయినందుకు నేను ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఈ జాబితాలో రాయనిది ఇంకొకటి ఉంది. అది మా వెనకింటి అక్కది. ఆమెకు కూడా ఇదే జబ్బు వస్తే, చూసిన దాన్ని నేను. చూసి, చెప్పకుండా ఉన్నాను. ఎన్ని రోజులు ఉన్నానో నా దగ్గర లెక్క ఉంది. ఆ లెక్క ఆమెకు చెప్పాల్సిన రోజున కూడా నేను సరిగా చెప్పలేదు.

బోయిగూడలో మా ఇంటి ముందు గదిలో నేను ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. చదువు ఏడో తరగతితో ఆగింది. భిన్నాలు బళ్ళో నాకు తలకెక్కలేదు, టేపు పట్టుకున్నాక వచ్చాయి. ఛాతీ కొలతను నాలుగో వంతు చేయాలంటే పాత పేపరు ముక్కను ఆ పొడవుకు చించి రెండుసార్లు మడిచేదాన్ని. మూడోసారి మడిస్తే ఎనిమిదో వంతు. అలా మడతల్లో నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు గనక నా లెక్కను నేనే రెండుసార్లు సరిచూసుకునే అలవాటు వచ్చింది. వచ్చిన ప్రతి మనిషికీ కొలతల పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది, వచ్చినప్పుడల్లా తారీఖు ఉంటుంది. పేర్లు రాయను, ఇంటి గుర్తు రాసుకుంటాను. ఆమె పేజీ పైన ‘వెనకిల్లు’ అని ఉంటుంది.

జాకెట్ పక్క కుట్టు నేను నాలుగు వరసలు వేస్తాను, వరసకూ వరసకూ పావు అంగుళం ఎడంతో. ఒళ్ళు వస్తే లోపలి వరస ఒకటి విప్పితే చాలు, పాత జాకెట్ మళ్ళీ సరిపోతుంది. మూడుసార్లు విప్పొచ్చు. నాలుగోది విప్పితే ఇక అది జాకెట్ కాదు, ముక్కలు. చాలామంది రెండు వరసలే వేస్తారు. నా దగ్గర కుట్టించుకున్న జాకెట్ ఏళ్ళ తరబడి నడుస్తుందని మా గల్లీలో పేరు.

నాకు ముప్పై ఒకటో ఏట కుడివైపు జాకెట్ బిగుతైంది. నేను చేసిన పని, నా జాకెట్‌కు నేనే ఒక వరస విప్పుకోవడం. నెలన్నర తర్వాత ఇంకో వరస. ఒక వైపే ఎందుకు ఒళ్ళు వస్తుందని ఆలోచించలేదు. దవాఖానలో డాక్టరమ్మ నన్ను అద్దం ముందు నిలబెట్టి చేయి పైకెత్తమంది. రొమ్ము కింది భాగంలో రూపాయి బిళ్ళంత చోట చర్మం లోపలికి గుంజుకుని ఉంది. “ఈ నొక్కు కనబడ్డ రోజే రావాల్సిందమ్మా,” అంది. ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఇంట్లో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను, రాణిగంజ్‌లో మోటార్లు వైండింగ్ చేసే మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ ఏడాదంతా నన్ను కూర్చోబెట్టి అన్నం తినిపించింది ఆమే. కానీ ఆమె మొదట అన్న మాట ఇది:

“బయట ఎవరికీ చెప్పొద్దు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది. రేపు పిల్లను అడగనీకి వచ్చేటోళ్ళు ముందుగాల తల్లి సంగతే అడుగుతరు. రక్తంల ఉన్నదంటరు.”

“పిల్లకు నాలుగేండ్లే కదనే అమ్మా,” అన్నాడు మా ఆయన.

“నాలుగేండ్ల పిల్ల నాలుగేండ్ల కాడనే ఉంటదా?”

ఆయన చెప్పులేసుకుని పనికి పోయాడు. నేను ఊరుకున్నాను. అత్తమ్మ మాటకు కట్టుబడి ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. నా దగ్గరికి పెళ్ళి జాకెట్లు ఎక్కువగా వస్తాయి. పెళ్ళికూతురు జాకెట్ ఇలాంటి రోగమున్న చేత్తో కుట్టించుకోరు. నాకు ఆ భయం కూడా ఉంది. గర్భసంచి ఆపరేషన్ అని అందరికీ చెప్పాం.

మందు ఆరుసార్లు, ఇరవై ఒక్క రోజులకు ఒకసారి. గోడ క్యాలెండర్ మీద నేను గీతలు గీసుకున్నాను. మొదటి రెండు రోజులు మనిషిలాగే ఉంటాను. మూడు నుంచి ఏడు వరకు లేవలేను. ఎనిమిది నుంచి పన్నెండు వరకు నోరంతా పూత, మజ్జిగ కూడా మండుతుంది. పదమూడు నుంచి ఇరవై ఒకటి వరకు, అంటే తొమ్మిది రోజులు, కుట్టగలను. ఆ తొమ్మిది రోజుల్లోనే పనులన్నీ సర్దుకునేదాన్ని. మిగతా పన్నెండు రోజులు పాపను చూసింది వెనకింటి అక్క.

ఆమె పాప చదివే బడిలోనే ఆయా. భర్త లేడు, ఒక్క కూతురు యాప్రాల్‌లో అత్తగారింట్లో ఉండేది. పొద్దున మా తలుపు కొట్టి పాపను తీసుకుపోయేది, సాయంత్రం తన ఇంట్లోనే కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి తినిపించి పంపేది. పాప ఆమెను పెద్దమ్మా అనేది. నన్ను ఆమె మాస్టరమ్మా అని పిలిచేది, కొలతల పుస్తకం తెరిస్తే లెక్కల పంతులమ్మా అని ఎక్కిరించేది. మేము చెప్పిన గర్భసంచి కథను ఒక్క ప్రశ్న లేకుండా నమ్మింది.

జుట్టు పోయాక నేను తలకు స్కార్ఫ్ కట్టుకుని ఉండేదాన్ని. ఒక సాయంత్రం ఆమె పాపను దింపడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. పాప పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకోమంది. కుడి చేత్తో బరువు ఎత్తొద్దన్నారు, పాప పదమూడు కిలోలు. వంగి ముద్దు పెట్టుకుందామని వంగాను. పాప మెడ పట్టుకుని పైకెక్కబోయింది, స్కార్ఫ్ ఊడి చేతికి వచ్చింది. నా గుండు చూసి పాప ఏడవలేదు, నవ్వింది. నేను దాని చెంప మీద కొట్టాను. ఎడమ చేత్తో కొట్టినా గట్టిగానే తగిలింది.

అక్క పాపను దగ్గరికి లాక్కుంది. “ఏందే గిది, పసిపిల్లను? గుండేందే?”

నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి అత్తమ్మ అంది: “గుట్టకు పోయొచ్చినం. ఆపరేషన్ మంచిగయితే తలనీలాలు ఇస్తనని మొక్కుకున్నది.”

“అట్లనా. మరి ప్రసాదమేదే? నాకు పెట్టకుంటనే మీరే తిన్నరా?”

“ఉన్నది, పొద్దుగాల ఇస్త,” అంది అత్తమ్మ.

మేము యాదగిరిగుట్టకు పోలేదు. మర్నాడు మా ఆయన మిఠాయి దుకాణంలో నాలుగు లడ్డూలు తెచ్చాడు, అత్తమ్మ వాటిని విస్తరాకులో కట్టి ఇచ్చింది. అక్క మా గుమ్మంలోనే నిలబడి చెప్పులు విడిచి, లడ్డూను కళ్ళకద్దుకుని, కొంచెం విరిచి పాప నోట్లో పెట్టి తర్వాత తను తిన్నది. నేను ఆ వేళ కుట్టు మిషన్ దగ్గర కూర్చుని చూస్తున్నాను. తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాను. అంతకుముందే ఎక్కించి ఉన్న దారాన్ని లాగేసి మళ్ళీ ఎక్కించాను.

కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, ఇరవై అయిదు రోజులు. దాని తర్వాత మాత్రలు, రోజుకొకటి, అయిదేళ్ళు. జాకెట్‌లో ఖాళీగా ఉన్న వైపుకు నేనే ఒక సంచి కుట్టుకున్నాను. ముందు దూది పెట్టాను. తేలికగా ఉండి జాకెట్ ఆ వైపు పైకి లేచిపోయేది. బరువు కావాలని అర్థమై ఆవాలు పోశాను. పావుకిలో చాలలేదు, మూడొందల గ్రాములు పోసినా ఎడమ భుజం దిగింది, మూడొందల ఇరవై అయిదుకు రెండు భుజాలు సమానమయ్యాయి. వానాకాలం చెమటకు ఆవాలు మెత్తబడి వాసన వచ్చేవి, నెలకోసారి మార్చేదాన్ని. “అమ్మా, నీ దగ్గర పోపు డబ్బా వాసన వస్తది,” అనేది పాప. వంటింట్లో ఉండి వచ్చానని చెప్పేదాన్ని.

రెండేళ్ళు గడిచాయి. జుట్టు వచ్చింది, పెళ్ళి జాకెట్లు వస్తున్నాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆషాఢంలో బోనాల ముందు శనివారం అక్క తన బడి యూనిఫాం జాకెట్ తెచ్చింది.

“మాస్టరమ్మా, ఎడమ దిక్కు జెర గుంజుతున్నది. లూజ్ చేసియ్యి. బోనాలకు మటన్ తిననీకి జాగ ఉండాలె కదా.”

పరదా వెనక జాకెట్ విప్పి నా చేతికిచ్చి, కొంగు కప్పుకుని పీట మీద కూర్చుంది. ఆడవాళ్ళు నా దగ్గర అలాగే కూర్చుంటారు, అయిదు నిమిషాల పని గనక. నేను కొలత చూద్దామని చేయి ఎత్తమన్నాను. ఎత్తింది. కొంగు జారింది. ఎడమ రొమ్ము పక్కన రూపాయి బిళ్ళంత చోట నొక్కు. దవాఖాన అద్దంలో నేను చూసుకున్నదే.

నేను ఒక వరస విప్పి ఇచ్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది, కానీ పట్టింది. మర్నాడు బోనాల జనంలో ఆమె నెత్తిన బోనం పెట్టుకుని నడుస్తుంటే పక్కనే నడిచాను. చెప్తే నీకెట్ల తెలుసని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర అబద్ధం లేదు. నాకు తెలుసని చెప్పాలంటే జాకెట్ విప్పి చూపించాలి, గర్భసంచి అబద్ధం, గుట్ట అబద్ధం రెండూ విప్పాలి. అది మామూలు నొక్కే అయ్యుండొచ్చు అనుకున్నాను. కొవ్వు గడ్డ అయ్యుండొచ్చు. బతుకమ్మ దాకా చూద్దాం అనుకున్నాను.

ఎనభై నాలుగు రోజుల తర్వాత, బతుకమ్మ మొదలైన వారంలో, మళ్ళీ అదే జాకెట్. “దీనికి ఇంకో లైను ఇప్పవే. ఒక్క దిక్కే బలుస్తున్న, ఏం కథనో.”

“ఏ భుజానికి సంచి తగిలిచ్చుకుంటవక్కా?”

“ఎడమకే. పోరల టిఫిన్లన్నీ నా సంచిలనే ఉంటయి.”

“గందుకే. ఆ బరువుకు కండ పట్టింది. కుడి దిక్కు మార్చుకో.”

నిజంగా అన్నాను. అంత చక్కని కారణం నాకు ఎలా దొరికిందో తెలియదు. ఆమె ఆ రోజు నుంచి సంచి కుడి భుజానికి తగిలించుకుంది. మా కిటికీ ముందు నుంచి పోతూ సంచి చూపించి, “మార్చిన పంతులమ్మా,” అనేది.

మూడోసారి, ఆ తర్వాత డెబ్భై మూడు రోజులకు, బడి వార్షికోత్సవం ముందు. ఈసారి నొక్కు చుట్టూ చర్మం బత్తాయి తొక్కలా ఉంది. నొప్పి ఉందా అని అడిగాను. నొప్పి లేదంది. నొప్పి లేకపోవడమే చెడ్డదని నాకు తెలుసు, నాకూ లేదు. చెప్దామని పరదా దగ్గరికి లాగాను. పాప అప్పుడే లోపలికి వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది. పాపను చూసి నేను కత్తెర తీసుకున్నాను. మూడో వరస తెగింది.

ఇంకో డెబ్భై నాలుగు రోజులు. ఫిబ్రవరి ఆఖర్లో ఆమె అదే జాకెట్ తెచ్చినప్పుడు లోపలి లైనింగు మీద పసుపు, ఎరుపు కలిసిన మరక ఉంది. నేను జాకెట్ తిరగేసి కుట్టు చూశాను. ఒక్క వరసే ఉంది.

“అక్కా, ఇంక ఇప్పనీకి లేదు.”

“లేకుంటే కొత్తది కుట్టు. గుడ్డ రేపు తెస్త.”

ఆ రోజే గుడ్డ ఆమె చేతిలో ఉండి ఉంటే నేను కొత్తది కుట్టి ఇచ్చేదాన్నేమో. నా నోరు తెరిపించింది మంచితనం కాదు, విప్పడానికి వరస లేకపోవడం. పరదా పూర్తిగా లాగి, నా జాకెట్ హుక్కులు తీసి, లోపలి సంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ముందు నన్ను చూడలేదు, సంచినే చూసింది. అటూ ఇటూ ఆడించింది. “ఏందే ఇది, గలగలమంటున్నది?”

“ఆవాలు.”

“ఆవాలా.” నవ్వింది. నవ్వుతూనే తలెత్తి నా కుడివైపు చూసి ఆగిపోయింది. తర్వాత అడిగింది: “గుట్టకు పోలేదా అయితే?”

“పోలేదక్కా. మందులకు ఊడిపోయింది.”

“మరి లడ్డు?”

“మిఠాయి దుకాణంలది.”

“నేను దండం పెట్టుకొని తిన్న కదనే,” అంది. కోపంగా కాదు. తర్వాత తన ఎడమ వైపు చేయి పెట్టుకుని, “నాది సుత గదేనా?” అని అడిగింది.

మర్నాడు నేనే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ ఎప్పటి నుంచి ఉందని అడిగితే, “నాకేం ఎరుక సార్, మా మాస్టరమ్మ జాకెట్ కొలతల కనిపెట్టింది. నిన్ననే చెప్పింది,” అంది అక్క. డాక్టర్ నా వైపు తిరిగి, “మంచి పని చేశారమ్మా, ఇట్లా చెప్పేవాళ్ళుంటే సగం మంది బతుకుతారు,” అన్నాడు. నేను తల ఊపాను. వారం తర్వాత వచ్చిన కాగితాల్లో వెన్నెముకకు పాకిందని ఉంది. ఆమె బయట బెంచీ మీద ఉన్నప్పుడు నేను ఆయన్ని అడిగాను, ఏడెనిమిది నెలల ముందు వచ్చి ఉంటే ఎంత తేడా ఉండేదని. ఒక్క మనిషి విషయంలో అలా లెక్క కట్టి చెప్పలేమన్నాడు. నాకు ఒక అంకె కావాలి. ఆయన ఇవ్వలేదు.

ఆమె మందుల రోజుల్లో నేను చేయగలిగింది చేశాను. క్యాలెండర్ మీద గీతలు గీసిచ్చాను. ఆమెకు సంచి కుట్టాను, నాలుగొందల పది గ్రాములు. ఆమె మాత్రం గల్లీలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పింది: “మాస్టరమ్మ టేప్ పెట్టి చూసి చెప్పింది, లేకుంటే నేను ఎప్పుడో పోతుంటి.” నాకు కూడా అదే జబ్బు వచ్చిందన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. “నీ సంగతి నా నోట్లకెళ్ళి రాదు. పిల్లున్నది,” అంది, నేను అడగకుండానే. ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి పరదా వెనక చేతులెత్తి, మాకేమన్నా ఉన్నదా చూడు మాస్టరమ్మా అని అడిగేవాళ్ళు. కొత్తవాళ్ళు కూడా వచ్చారు. ఆ ఏడాది నాకు ముందెన్నడూ లేనంత పని దొరికింది.

మూడేళ్ళు దాటాక, వేసవిలో ఆమె మంచం మీద నుంచి ఎక్కువ లేవడం లేదు. యాప్రాల్ నుంచి కూతురు వచ్చి ఉంటోంది. ఒక మధ్యాహ్నం నేను ముందు వైపు హుక్కులున్న వదులు జాకెట్ కుట్టి తీసుకుపోయాను. కూతురు నా రెండు చేతులూ పట్టుకుని, “ఆంటీ, మీరు చూడకపోతే మా అమ్మ అప్పుడే పోతుండె. ఈ మూడేండ్లు మీరిచ్చినవే,” అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

“అక్కా, నీకొక మాట చెప్పాలె.”

“చెప్పు. మొఖం గట్ల పెట్టినవేంది, జాకెట్ కరాబ్ చేసినవా?”

“నేను నీకు చెప్పిన్నాడు కాదు నాకు తెల్సింది. ముందే చూసిన. చూసి చెప్పలే.”

ఆమె నెమ్మదిగా నా వైపు ఒత్తిగిలింది. “ముందంటే ఎన్ని దినాలు?”

రెండు వందల ముప్పై ఒకటి. ఎనభై నాలుగు, డెబ్భై మూడు, డెబ్భై నాలుగు. ఎన్నిసార్లు కూడినా అంతే. ఆ అంకె నా నాలుక మీదే ఉంది. ఇంకొకరి జాకెట్‌లో పావు అంగుళం తేడా వస్తే విప్పి మళ్ళీ కుట్టే మనిషిని నేను.

“రెండు నెలలు,” అన్నాను.

ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్క పెట్టుకుంది. “అంటే ముక్కోటి కాడ.”

“ఆ.”

“పిల్ల గురించి భయపడ్డవ్.”

“ఆ.”

“నేనయితే నాలుగు నెలలు దాస్తుంటినేమో. నా బిడ్డ లగ్గమప్పుడు నేను దాయనియి లేవు.” కాసేపు పైకప్పు రేకు చూసింది. “పో, మాఫ్. నీ రెండు నెలలు మాఫ్ చేసిన.”

“అక్కా, ఇంకా…”

“ఇంకేం లేదు. నీ లెక్క ఎన్నడన్న తప్పిందా? రెండంటే రెండే. ఆ జాకెట్ ఇటియ్యి, తొడుగుత.”

కూతురు చాయ్ తెచ్చింది. ముగ్గురం తాగాం. జాకెట్ సరిగ్గా సరిపోయింది. జబ్బు తెలిసిన నాటి నుంచి మూడేళ్ళ నాలుగు నెలలు బతికింది ఆమె. ఆ మధ్యాహ్నం తర్వాత ఇరవై ఆరు రోజులు. ఆ ఇరవై ఆరు రోజుల్లో నేను పందొమ్మిదిసార్లు ఆ ఇంటికి పోయాను, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను, అంకె సరిదిద్దలేదు. ఆఖరి రోజుల్లో ఆమెకు వినబడుతోందో లేదో తెలియనప్పుడు కూడా చెప్పలేదు.

ఆమె పోయి ఏడేళ్ళు దాటింది. పోయిన ఏడాది మా అమ్మాయికి నా జబ్బు సంగతి చెప్పాను, ఇలాంటి తల్లుల కూతుళ్ళు ముందు నుంచీ జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టరమ్మ అంటే. పదహారేళ్ళ పిల్ల నేల మీద కూర్చుని విన్నది. “గందుకేనా పోపు డబ్బా వాసన?” అంది. తర్వాత, “నాకు చెప్తే ఏమవుతుండె?” అంది. ఏమీ అయ్యేది కాదు. దాని కోసం దాచినదంతా పది నిమిషాల్లో అయిపోయింది, అది లేచి కాలేజీకి పోయింది.

అప్పుడు కొలతల పుస్తకాల్లో పాతది తీసి ‘వెనకిల్లు’ పేజీ చూశాను. ఏమన్నా తగ్గించుకోగలనా అని చూశాను, దాపరికం ఎందుకు. మొదటి ఎనభై నాలుగు రోజులూ నాకు ఖాయంగా తెలియదు కదా, అవి తీసేయొచ్చా అని. కానీ బోనాల ముందు శనివారం నాటి కొలత పక్కన పెన్నుతో చిన్న సున్నా చుట్టి ఉంది. నేను ఎవరి కొలతకూ సున్నా చుట్టను. నాకు ఆ రోజే తెలుసు. నాలుగు నెలలు దాస్తుంటినేమో అన్నది కదా, నాలుగు నెలలు తీసేయొచ్చా అనుకున్నాను. దాస్తుంటినేమో అన్నది, మాఫ్ చేసిన అనలేదు. మాఫ్ చేసింది రెండు నెలలు, అంటే అరవై రోజులు. ఆమె నోటితో అన్నది గనక అవి కొట్టేసుకునే హక్కు నాకుంది. మిగిలినవి ఆమె మాఫ్ చేయలేదు, ఎందుకంటే అవి ఉన్నాయని ఆమెకు నేను చెప్పలేదు.

రెండు వందల ముప్పై ఒకటిలోంచి అరవై. పేజీ అడుగున రాసి రెండుసార్లు సరిచూశాను. నూట డెబ్భై ఒక్క రోజులు.